మన ల్యాబు తాళంచెవి ఎవరి చేతిలో?

యూనియన్ సంచికకు ఏదైనా రాసివ్వమని కార్యదర్శి అడిగినప్పుడు, బహుశా ఒక కవితో కథో ఇస్తానని ఆశించి వుంటాడు. ప్రతి ఏడూ ఈ పేజీల్లో ప్రేమా, నిరుద్యోగమూ, వరకట్నమూ, హాస్టలు సాంబారూ చోటు చేసుకుంటూనే వున్నాయి. వాటిమీద నాకేమీ కినుక లేదు. కాని ఈసారి మన కంప్యూటర్ ల్యాబు గురించి నాలుగు మాటలు చెప్పుకోవలసిన అగత్యం ఏర్పడింది. విషయంలో కొంత సాంకేతికం వుంది. తెలుగు, చరిత్ర, వృక్షశాస్త్ర శాఖల మిత్రులు "మనకెందుకులే" అని పేజీ తిప్పెయ్యవద్దని మనవి. ఆ ల్యాబుకి ఫీజు కడుతున్నవారిలో మీరూ వున్నారు.

సంగతి ఇదీ. మన ల్యాబులో నలభై యంత్రాలున్నాయి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలుగా అందే మద్దతు ముగిసిపోయింది. దాని తరువాతిదైన విండోస్ 11 ఎక్కించాలంటే యంత్రంలో టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు వుండాలి. మన యంత్రాల్లో అది లేదు. కాబట్టి ఇవి ముసలివైపోయాయనీ, తుక్కు కింద వేలం వేసి కొత్తవి కొనాలనీ ఒక ప్రతిపాదన లేచింది. ఎనిమిది జీబీల మెమరీ, నాలుగు కోర్ల ప్రాసెసరు వున్న యంత్రం, నిన్నటిదాకా పరీక్షలు నడిపిన యంత్రం, ఒక తేదీ దాటగానే ముసలిది ఎలా అవుతుందో నా బుర్రకు ఎక్కలేదు. కొత్తవి కొనడానికి డబ్బు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేదు. ఈలోగా ల్యాబు ఖాళీ.

అంతకుముందు జరుగుతూ వచ్చిన పద్ధతి కూడా చెప్పాలి. జూన్‌లో కాంట్రాక్టరు తరఫున ఒక మనిషి వస్తాడు. చేతిలో ఒక హార్డ్ డిస్కు. దానిలో అన్నీ కలిపి ముద్ద చేసిన ఒక పెద్ద ఇమేజి. ఆ ముద్దను ఒక్కొక్క యంత్రానికీ ఎక్కించి, సంతకం పెట్టించుకుని వెళ్ళిపోతాడు. లోపల ఏముందో పాపం అతనికీ తెలియదు. ఎవరో చేసి ఇచ్చారు, ఇతను మోసుకొచ్చాడు. కిందటేడు ప్రాక్టికల్సుకు వారం ముందు పైథాన్‌కి కావలసిన ఒక లైబ్రరీ దానిలో లేదని బయటపడింది. ఫోను చేస్తే "కొత్త ఇమేజి చెయ్యాలండీ, కొటేషన్ పంపిస్తాం" అన్నారు. చివరికి మా ల్యాబు అటెండరు గారు పెన్‌డ్రైవు పట్టుకుని, మూడు రాత్రులు అక్కడే పడుకుని, నలభై యంత్రాలకూ చేత్తో ఎక్కించారు. ఆయనకు ఓవర్‌టైము రాలేదు. మాకు పరీక్ష జరిగింది. అందరం మర్చిపోయాం.

నేను మాత్రం మర్చిపోలేకపోయాను. నేను చెప్పదలచుకున్నది ఒక్క ముక్క. మన ల్యాబు యంత్రాల్లో వ్యవస్థను నిలబెట్టే పని మనదే కావాలి. దానికి కావలసిన పనిముట్టు ఒక చిన్న లినక్స్ బూట్ ఇమేజి. దాన్ని మన దగ్గర కంప్యూటర్లు చదివే ప్రతి విద్యార్థీ డిగ్రీ చేతికొచ్చేలోగా ఒక్కసారైనా స్వయంగా కట్టాలి. ఈ ఏడు మేము అయిదుగురం కట్టాం. కడుతూ పడ్డాం, లేచాం, ఒక క్షమించరాని తప్పు కూడా చేశాం. దాచకుండా అన్నీ చెబుతాను.

ముందు ఈ బూట్ ఇమేజి ఏమిటో చెప్పాలి. పల్లెటూరి పెళ్ళి చూసినవారికి తేలిగ్గానే బోధపడుతుంది. వంటవాళ్ళు గుండిగలతో దిగకముందే ఒక మనిషి పలుగూ పారా పట్టుకుని వస్తాడు. నేల చూసుకుని గాడిపొయ్యి తవ్వి, కట్టెలు పేర్చి, నీళ్ళు ఎక్కడినుంచి రావాలో కనుక్కుని పక్కకు తప్పుకుంటాడు. భోజనాల వేళ అతన్ని ఎవరూ తలుచుకోరు. అతను రాకపోతే మటుకు భోజనాలే లేవు. చిన్న బూట్ ఇమేజి చేసే పని అదే. డిస్కులో ఏమీ లేని యంత్రంలోకి, కేవలం మెమరీలోకి దిగుతుంది. డిస్కును భాగాలు చేస్తుంది, అసలు వ్యవస్థను తెప్పించి అందులో పరుస్తుంది, యంత్రాన్ని మళ్ళీ మొదలుపెట్టి తాను మాయమైపోతుంది. డిస్కుమీద దాని ఆనవాలు కూడా మిగలదు.

మీట నొక్కినప్పటినుంచీ జరిగే వరస ఇది. యంత్రంలో పుట్టుకతో వున్న ఫర్మ్‌వేర్ లేస్తుంది. నెట్‌వర్కు మీదుగా బూట్ కావాలని మనం చెప్పివుంటే, "నా చిరునామా ఏమిటి?" అని తీగమీద అందరికీ వినబడేలా కేక వేస్తుంది. డీహెచ్‌సీపీ సర్వరు చిరునామా ఇచ్చి, ఏ ఫైలు ఎక్కడ దొరుకుతుందో చెబుతుంది. ఆ ఫైలు టీఎఫ్‌టీపీ అనే పద్ధతిలో వస్తుంది. ఇది 1981 నాటికే కాగితం మీదికెక్కిన పద్ధతి, అతి సాదా. మామూలుగా 512 బైట్లు పంపడం, "అందింది" అన్న జవాబుకోసం ఆగడం, మళ్ళీ 512 పంపడం, అంతే. మన ఊరి పోస్టుమ్యాను సంతకం లేనిదే రెండో ఉత్తరం ఇవ్వని మాదిరి. ఈ ఏర్పాటు మొత్తానికీ పీఎక్స్ఈ అని పేరు. ఇంటెల్ వారు దీని 2.1 ప్రమాణాన్ని 1999లో వెలువరించారు. ఇవాళ ల్యాబుల్లో కనిపించే యంత్రాల్లో చాలామటుకు ఈ సదుపాయం వుంటుంది. అది వుందని తెలియకుండా మనం పెన్‌డ్రైవులు పట్టుకుని తిరుగుతున్నాం.

అలా వచ్చిన చిన్న బూట్‌లోడరు మరి రెండు ఫైళ్ళు తెప్పిస్తుంది. ఒకటి లినక్స్ కెర్నల్. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ దాన్ని లోకానికి ప్రకటించాడు. అప్పుడతనికి 21 ఏళ్ళు, మన వయసే. రెండోది ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అనే మూట. కెర్నల్ ఆ మూటను మెమరీలోనే విప్పి, అందులో 'ఇనిట్' అన్న పేరుగల ఫైలుకోసం చూసి, దాన్ని మొట్టమొదటి ప్రాసెసుగా నడుపుతుంది. దాని నెంబరు 1. ఇక ఆపైన ఏం జరగాలన్నా ఆ ఫైలు చెప్పాలి. అది మధ్యలో చచ్చిపోతే కెర్నల్ 'పానిక్' అని రాసి చేతులెత్తేస్తుంది. మేము కట్టింది ఈ మూటే.

మూటలో ఏం పెట్టాలన్నది అసలు ప్రశ్న. దీనికొక చరిత్ర వుంది. 1995లో బ్రూస్ పెరెన్స్ అనే ఆయన డెబియన్ వ్యవస్థను ఎక్కించే ఫ్లాపీ తయారుచేయబోయాడు. ఫ్లాపీలో పట్టేది 1.44 మెగాబైట్లు. అందులో కెర్నలూ పట్టాలి, డిస్కును సిద్ధంచేసే పనిముట్లూ పట్టాలి. ఫైళ్ళ జాబితా చూపే ఆజ్ఞ, నకలు తీసే ఆజ్ఞ, డిస్కును తగిలించే ఆజ్ఞ — ఇలా ప్రతిదానికీ ఒక ప్రోగ్రాము పెడితే చోటు చాలదు. అందుకని ఆయన అన్నిటినీ ఒకే ప్రోగ్రాముగా కూర్చాడు. ఏ పేరుతో పిలిస్తే ఆ పని చేస్తుంది. దాని పేరు బిజీబాక్స్. అంటే మనం చేయబోయిన ఈ పనికోసమే పుట్టిన వస్తువు. ఆ తరువాత అది ఇళ్ళలోని ఇంటర్నెట్ రౌటర్లలోకీ ఎక్కింది. ఒక ఫ్లాపీ ఇరుకు నేర్పిన పొదుపు ఇవాళ్టికీ పనికొస్తోంది.

మాకు ఫ్లాపీ ఇరుకు లేదు. కావాలంటే రెండు జీబీల మూట కట్టినా మోసేవాడు మోస్తాడు. మరి చిన్నదెందుకు అని మమ్మల్ని ఒక లెక్చరర్ గారు అడిగారు. నా జవాబు ఇప్పటికీ అదే. మూటలో వున్న ప్రతి ఫైలూ ఎందుకుందో ఒక మనిషి చెప్పగలగాలి. మా మూటలో వున్నవి ఇరవై ఆరు ఫైళ్ళు. మొత్తం కలిపి పది మెగాబైట్ల లోపే. కెర్నల్ డెబియన్ వారిదే తీసుకున్నాం, దానికి తోడుగా వచ్చే డ్రైవర్ల గుట్ట వందల మెగాబైట్లు వుంటుంది, అందులోంచి మన యంత్రాలకు కావలసిన పిడికెడు ఏరుకున్నాం. ఒక నోటుపుస్తకంలో ప్రతి ఫైలు పేరూ రాసి, ఎదురుగా "ఇది లేకపోతే ఏమవుతుంది?" అన్నదానికి జవాబు రాశాం. జవాబు రాయలేనిదాన్ని తీసేశాం. తీసేశాక యంత్రం లేవకపోతే, ఎందుకు లేవలేదో తెలుసుకుని మళ్ళీ పెట్టాం. మూడేళ్ళ ఆపరేటింగ్ సిస్టమ్స్ నోట్సు నాకు నేర్పనిది ఆ నోటుపుస్తకం నేర్పింది. మా మాస్టార్లను తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. ఈత గురించి బోర్డుమీద ఎంత బాగా చెప్పినా నీళ్ళు నీళ్ళే కదా!

ఇక మేము పడిన సంగతులు.

మొట్టమొదట కట్టిన మూట లేవలేదు. "ఇనిట్‌ను నడపలేకపోయాను, తప్పు నెంబరు మైనస్ 2" అని తెరమీద పడింది. మైనస్ 2 అంటే అటువంటి ఫైలు లేదని అర్థం. మూట విప్పి చూస్తే ఫైలు లక్షణంగా వుంది. పేరు సరిగ్గా వుంది, నడిపే అనుమతి వుంది. మళ్ళీ కట్టాం. మళ్ళీ లేదంది. కళ్ళెదురుగా వున్నదాన్ని లేదంటుంటే మనిషికి పిచ్చెక్కుతుంది. రెండు రోజులు ఒకరినొకరు తిట్టుకున్నాం. మూడోరోజున మాలో ఒకమ్మాయి పట్టుకుంది. మా ఇనిట్ ఒక షెల్ స్క్రిప్టు. దాన్ని చదివిపెట్టేది బిజీబాక్స్. మేము పెట్టిన బిజీబాక్స్ తనంతట తాను నడిచేది కాదు, దాన్ని మెమరీలోకి ఎక్కించడానికి మరొక లోడరు ఫైలు కావాలి, అది మూటలో లేదు. లేనిది ఆ మూడోవాడు. కెర్నల్ మాత్రం మొదటివాడి పేరు చెప్పి లేడంటోంది. తనలోనే అన్నీ కలుపుకున్న స్టాటిక్ బిజీబాక్సును తెచ్చి పెట్టగానే తెరమీద ఒక చిన్న ప్రాంప్టు వెలిగింది. దానికి మేము వేసిన కేకకు పక్క క్లాసులోంచి మేడమ్ గారు వచ్చి మందలించారు.

రెండోసారి నెట్‌వర్కు దగ్గర పడ్డాం. ఇక్కడ ఒక తమాషా వుంది. కెర్నల్ వచ్చిందే తీగమీదుగా. అది లేచి కళ్ళు తెరవగానే ఆ తీగ దానికి కనబడదు. ఎందుకంటే తెచ్చింది ఫర్మ్‌వేర్, దాని విద్య దానితోనే పోయింది. కెర్నల్‌కు తన డ్రైవరు తనకు కావాలి. మన యంత్రాల్లో వున్నది రియల్‌టెక్ వారి కార్డు. దాని డ్రైవరు పెట్టాం. అయినా పనిచెయ్యలేదు. ఆ డ్రైవరుకు తోడుగా 'రియల్‌టెక్' అన్న పేరుతోనే ఇంకో చిన్న మాడ్యూలు వుండాలి. తెరమీద గబగబా పరుగెత్తిపోయే వరసల్లో, బహుశా ఆ మాడ్యూలును ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌లో చేర్చాలేమో చూసుకోమని కెర్నల్ స్వయంగా హెచ్చరిక రాస్తూనే వుంది. మేమే చదవలేదు. తప్పు సందేశం కనబడగానే చదవకుండా మళ్ళీ మీట నొక్కడం మనందరికీ అలవాటైపోయింది. ఆ అలవాటును ఈ పని వదలగొట్టింది.

మూడోది చెప్పడానికి కలం ఆడటం లేదు. అయినా చెప్పాలి.

మన ల్యాబులో మూడు యంత్రాలకు రెండేసి డిస్కులున్నాయి. ఒకటి తరువాత బిగించిన ఎస్ఎస్‌డీ. రెండోది పాత హార్డ్ డిస్కు, దానిలో సీనియర్లు ప్రాజెక్టుల పని దాచుకుంటారు. లినక్స్ కెర్నల్ డిస్కులకు పేర్లు పెట్టేటప్పుడు తనకు ముందు కనబడినదాన్ని 'ఎస్‌డీఏ' అంటుంది, తరువాతిదాన్ని 'ఎస్‌డీబీ' అంటుంది. అన్ని యంత్రాల్లోనూ, అన్ని వేళలా అదే వరస వుంటుందన్న హామీ ఏమీ లేదు. మా స్క్రిప్టులో 'ఎస్‌డీఏను తుడువు' అని రాశాం. ఒక డిస్కు వున్న యంత్రాలమీద పదిసార్లు పరీక్షించి, భేష్ అనుకున్నాం. పదిహేడో నెంబరు యంత్రంలో ఎస్‌డీఏ అన్న పేరు పాత డిస్కుకు దక్కింది. ఎమ్మెస్సీ ఫైనల్ చదువుతున్న ఒక అక్క నాలుగు నెలలుగా కూడబెట్టుకున్న ప్రాజెక్టు డేటా దానిలో వుంది. తుడవడానికి పట్టిన కాలం కొన్ని సెకన్లు.

చేత్తో చేసే మనిషి ఒక్కక్షణం ఆగుతాడు. "ఇదేమిటి, ఇంత పెద్ద డిస్కు చూపిస్తోంది?" అని సందేహిస్తాడు. స్క్రిప్టుకు సందేహం రాదు, మనం రాసిపెడితే తప్ప. ఆ అక్క మమ్మల్ని తిట్టలేదు. "నా దగ్గర ఫిబ్రవరి దాకా కాపీ వుందిరా, మిగతాది మళ్ళీ చేసుకోవాలి" అని కూర్చుంది. ఆమె పక్కన మేమూ కూర్చున్నాం. పదిహేడు రోజులు పట్టింది. ఈ వ్యాసంలో ఆ సంగతి రాయవచ్చునా అని అడిగితే, "రాయి, పేరు మాత్రం వద్దు. రాస్తే వెనకొచ్చేవాళ్ళకు బుద్ధొస్తుంది" అన్నది.

ఇప్పుడు మా స్క్రిప్టులో తుడిచే ముందు ఒక కట్టుబాటు వుంది. డిస్కు తిరిగే రకమా కాదా అన్నది కెర్నల్ ప్రతి డిస్కుకూ ఒక చిన్న ఫైలులో 1 లేక 0గా చూపుతుంది. దాన్ని చదువుతాం, పరిమాణం చూస్తాం. రెండు డిస్కులు కనబడితే పని ఆగిపోతుంది. మనిషి వచ్చి తెర చూసి, ఆ యంత్రం నెంబరు టైపు చేస్తే తప్ప కదలదు. అలాగే ఒకసారి ఎక్కించిన యంత్రం మర్నాడు మీట నొక్కగానే మళ్ళీ మొదటినుంచీ తుడుచుకోకూడదు కదా. అందుకని సర్వరు దగ్గర పట్టీలో ఏ యంత్రం కార్డు నెంబరు వుంటే దానికే ఇన్‌స్టలేషను, పని కాగానే పట్టీలోంచి కొట్టివేత, పట్టీలో లేనివన్నీ తమ డిస్కునుంచే లేస్తాయి. ఇవన్నీ కలిపి పదిహేను వరసలు కూడా వుండవు. ఆ పదిహేను వరసలు ముందే రాసివుంటే ఒక మనిషికి పదిహేడు రోజుల శ్రమ తప్పేది.

"చూశారా, అందుకే ఇటువంటివి కాంట్రాక్టరుకు వదిలెయ్యాలి" అని ఒక పెద్దాయన అన్నారు. ఆయన మాట తోసెయ్యదగింది కాదు, ఆలోచించాను. కాని పాత పద్ధతిలో మాత్రం డిస్కులు తుడిచిపెట్టుకు పోలేదా? జూన్ వచ్చిందంటే "నా ఫైళ్ళు పోయాయి" అని ఎవరో ఒకరు ల్యాబు గుమ్మం దగ్గర నిలబడటం మనం చూసిందే. అప్పుడు ఎవరిని అడగాలో తెలిసేది కాదు. ఈసారి తప్పు చేసింది ఎవరో తెలుసు, ఏ వరసలో చేశారో తెలుసు, ఆ వరసను సాయంత్రానికల్లా మార్చాం. మూసిన ముద్దలో తప్పు జరిగితే అది కర్మ కింద జమ. తెరిచిన స్క్రిప్టులో జరిగితే అది మన బాధ్యత. బాధ్యత బరువుగానే వుంటుంది. చదువుకునే చోటున దాన్ని మొయ్యడం నేర్చుకోకపోతే ఇంకెక్కడ నేర్చుకుంటాం?

మరొక అభ్యంతరం కూడా విన్నాను. ఇటువంటి పనికి రెడీమేడ్ ఏర్పాట్లు బోలెడున్నాయి కదా అని. వున్నాయి. డెబియన్‌లో ప్రీసీడ్ వుంది, రెడ్‌హ్యాట్‌లో కిక్‌స్టార్ట్ వుంది. జర్మనీలో కొలోన్ విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ లాంగే 1999లో మొదలుపెట్టిన ఎఫ్ఏఐ వుంది. వాడుకుందాం, నాకేమీ పంతం లేదు. వెయ్యి యంత్రాలు నడపాలంటే అవే వాడాలి. కాని కొలోన్ పేరు చదివినప్పుడు నాకొకటి తట్టింది. అది కూడా ఒక విశ్వవిద్యాలయమే. అక్కడొకాయన తన ఎదుట వున్న యంత్రాలు ఒక్కొక్కటీ చేత్తో ఎక్కించడానికి బదులు ఒక పద్ధతి కట్టాడు, పదిమందికీ పంచాడు. మనమేమో పంచినదాన్ని అందుకోవడానికి కూడా కొటేషన్లు పిలుస్తున్నాం. లోపల ఏం జరుగుతుందో ఒకసారి చేత్తో చేసి చూసినవాడు రెడీమేడ్ పనిముట్టును కూడా తెలివిగా వాడతాడు. అది మొరాయించినప్పుడు దిక్కులు చూడడు.

"దీనివల్ల ఉద్యోగం వస్తుందా?" అన్నది మూడో ప్రశ్న. ఇది తల్లిదండ్రుల ప్రశ్న కూడా కనుక నవ్వి వదిలెయ్యకూడదు. నేను జ్యోతిష్యం చెప్పలేను. తెలిసింది మటుకు చెబుతాను. పెద్ద డేటా సెంటర్లలో బీరువాల్లాంటి అరలనిండా వుండే సర్వర్లకు ఎవరూ పెన్‌డ్రైవు గుచ్చుతూ తిరగరు. అవీ ఇలా తీగమీదుగానే లేస్తాయి. కంటెయినరు అని కంపెనీలవారు రోజూ చెప్పే మాటలోనూ, లోపలి మొదటి ప్రాసెసు నెంబరు 1. అది చచ్చిపోతే కంటెయినరూ ఆగిపోతుంది. మేము మూడు వారాలు పోట్లాడిన వస్తువు అదే.

అటెండరు గారి సంగతి చెప్పకుండా ముగిస్తే అన్యాయం. మొదట ఆయన భయపడ్డారు. "అన్నీ అవే ఎక్కించేసుకుంటే నా పనేముంటుంది బాబూ?" అన్నారు. తీరా మొదలుపెట్టాక ఆయన లేకపోతే మా పని ఒక్కరోజు కూడా సాగలేదు. ఏ తీగ వదులుగా వుందో, ఏ యంత్రం రెండుసార్లు మీట నొక్కితే గానీ లేవదో ఆయనకే తెలుసు. మా సందేశాలన్నీ మొదట ఇంగ్లీషులో రాశాం. ఆయన కళ్ళద్దాలు సవరించుకుని చూసి, "ఏమంటోంది బాబూ ఇది?" అని అడిగేవారు. తెలుగులో రాద్దామంటే లినక్స్ తాలూకు ఆ నల్ల తెర తెలుగు అక్షరాలను కూర్చి చూపలేదు. గుణింతాలూ వత్తులూ దానికి చేతకావు. అందుకని తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో రాశాం: డిస్కు తుడుస్తున్నాను, ఫైళ్ళు తెస్తున్నాను, అయిపోయింది. యంత్రం నెంబరు పెద్ద అంకెల్లో తెరమీద కనబడేలా చెయ్యమన్న సలహా ఆయనదే. ఇప్పుడు పట్టీలో పేరు ఎక్కించేదీ కొట్టేసేదీ ఆయనే. జనవరిలో ఒక శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలుపెట్టి, పదేసి చొప్పున నాలుగు జట్లుగా, టీ వేళకు నలభై యంత్రాలూ ఎక్కించాం. ఆ రాత్రి ఆయన ఇంటికి వెళ్ళి పడుకున్నారు. మా శ్రమకు ఇంతకంటే సర్టిఫికెట్టు నాకు అక్కర్లేదు.

వేలం ప్రతిపాదన ప్రస్తుతానికి ఆగింది. కాని ఆగిపోవడం వేరు, రద్దు కావడం వేరు. అందుచేత యూనియన్ వారికీ, శాఖ పెద్దలకూ నా విన్నపాలు ఇవి.

ఒకటి, రెండో సంవత్సరం ప్రాక్టికల్సులో ఒక వారం దీనికి కేటాయించాలి. ముగ్గురేసి విద్యార్థులు కలిసి ఒక మూట కట్టాలి. లేచిందా లేదా అన్నదానికంటే, ప్రతి ఫైలూ ఎందుకు పెట్టారో చెప్పినదానికి మార్కులు వెయ్యాలి. రెండు, ల్యాబుకు విడిగా ఒక స్విచ్చి కొనాలి. మొదటివారంలో మా డీహెచ్‌సీపీ సర్వరును తెలియక కాలేజీ నెట్‌వర్కుకే తగిలించాం. లైబ్రరీలో కంప్యూటర్లు కూడా మా సర్వరు ఇచ్చిన చిరునామాలు పుచ్చుకుని, సాయంత్రం దాకా ఇంటర్నెట్టు లేక కూర్చున్నాయి. లైబ్రేరియన్ గారికి ఈ ముఖంగా క్షమాపణలు. మూడు, విద్యార్థుల ప్రాజెక్టు పని ల్యాబు యంత్రాల్లో వుండకూడదు. అందరికీ ఒక నిల్వ సర్వరు, వారానికొకసారి దానికి నకలు వుండాలి. ఇది మా తప్పునుంచి పుట్టిన విన్నపం కనుక దీన్ని మిగతావాటికంటే ముందు చూడమని వేడుకోలు. నాలుగు, బయటనుంచి ఏది కొన్నా, లోపల ఏముందో రాసిచ్చేవారి దగ్గరే కొనాలి. రాసివ్వలేమంటే ఆ వస్తువు మన ల్యాబులోకి రాకూడదు.

వీటిలో స్విచ్చికీ నిల్వకూ తప్ప పెద్దగా డబ్బు ఖర్చయ్యేది లేదు. ఆ రెండూ కలిపినా కొత్త యంత్రాల బిల్లులో ఒక మూలకు రావు.

వచ్చే జూన్‌కి మేము అయిదుగురం ఇక్కడ వుండం. ఒకడు బెంగళూరు వెళ్తాడు, ఒకమ్మాయి పైచదువులకు, నేనెక్కడుంటానో నాకే తెలియదు. అసలు భయం అక్కడే వుంది. మాతోపాటు ఈ విద్య కూడా గేటు దాటిపోతే, జూన్‌లో మళ్ళీ హార్డ్ డిస్కు పట్టుకుని ఆ మనిషే వస్తాడు. అందుకని మా నోటుపుస్తకాన్ని ల్యాబు బీరువా పై అరలో పెట్టాం. బీరువా తాళంచెవి అటెండరు గారి దగ్గర వుంటుంది. ఇరవై ఆరు ఫైళ్ళ పేర్లూ, మేము పడిన ప్రతి చోటూ, తెలుగులోనే రాసి వున్నాయి. డిస్కు తుడిచే వరస ఎర్ర సిరాతో వుంది. దాని కింద పదిహేడో నెంబరు యంత్రం కథ వుంది. తరువాత ఖాళీ పేజీలు చాలా వదిలాం.

రెండో సంవత్సరం తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఏప్రిల్ దాకా ప్రతి శనివారం మధ్యాహ్నం మేము ల్యాబులోనే వుంటాం. పాత యంత్రం ఒకటి విడిగా పెట్టాం, దానిలో పోయేదేమీ లేదు. వచ్చి ఆ పుస్తకంలో ఒక్క ఫైలు పేరు కొట్టేసి, యంత్రం లేస్తుందో లేదో చూడండి.